కంపవాతం: దూలగొండి చేయగలిగినది, చేయలేనిది

వయసు పైబడిన తరువాత చేతులు వణకడం సహజమేనని సరిపెట్టుకొనే కుటుంబాలు మన పల్లెలలో నేటికీ చాలా ఉన్నాయి. వణుకుతో పాటు నడక మందగించి, ముఖంలో కళ తప్పి, మాట గొంతులోనే అణగిపోయినప్పుడు గాని వైద్యుని వద్దకు రారు. అప్పటికి వ్యాధి ప్రారంభమై సంవత్సరాలు గడచి ఉంటాయి. ఆధునిక వైద్యులు దీనిని పార్కిన్సన్ వ్యాధి అంటారు. మన వైద్యంలో కంపవాతమని వ్యవహరిస్తాము.

కొడకండ్ల పరిసర గ్రామాల నుండి వచ్చే ఈ వ్యాధిగ్రస్తులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే. "అయ్యా, దూలగొండి గింజలతోని ఈ జబ్బు మొత్తానికే పోతదంటున్నరు. ఇంగ్లీషు గోలీలు బంద్ చెయ్యమంటరా?" అని అడుగుతారు. సమూల నివారణ అని ప్రకటించి దూలగొండి చూర్ణాలు అమ్మేవారు పెరిగిన ఈ కాలంలో ఆ ప్రశ్న పుట్టడం సహజమే.

సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు: మానరాదు. అయితే కారణం తెలియని నిషేధాన్ని ఎవరూ ఎక్కువ కాలం పాటించరు. ఆ కారణం తెలియాలంటే దూలగొండి గింజలో ఏమున్నదో, మెదడులో ఏది నశిస్తున్నదో రెండూ తెలియాలి. మెదడులో నశించే ఆ కణాలను కాపాడే ఒక "అనాథ గ్రాహకం" ఉన్నదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దాని కథ తెలిస్తే దూలగొండి గొప్పతనమూ, దాని పరిమితీ రెండూ స్పష్టమవుతాయి.

బసవరాజీయంలో కంపవాతం

ఆంధ్రదేశ వైద్యులకు తరతరాలుగా మార్గదర్శకమైన బసవరాజీయంలో కంపవాత లక్షణాలు ఒకచోట కూర్చి చెప్పబడ్డాయి. కాళ్లు చేతులు వణకడం, దేహం తిరుగుడు పడడం, బాధ, నిద్రాభంగం, బుద్ధి క్షీణించడం అందులో ఉన్నాయి. అంతకు ముందే చరక సంహిత ఎనభై వాతరోగాలలో వేపథువును లెక్కించింది. సర్వాంగాలకు, శిరస్సుకు కలిగే కంపాన్ని మాధవ నిదానం వేపథువుగా నిర్వచించింది. బసవరాజు విశిష్టత ఏమనగా, ఆయన వణుకుతో ఆగలేదు. నిద్రను, బుద్ధిని కూడా వ్యాధి లక్షణాలలో చేర్చాడు.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని గురించి ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. విశ్రాంతిగా ఉన్న చేయి వణకడాన్ని, ముందుకు వంగి పరుగువంటి నడకను చక్కగా వర్ణించాడు. అయితే బుద్ధికి హాని కలగదని ఆయన భావించాడు. నేటి వైద్యం ఈ ఒక్క విషయంలో బసవరాజు పక్షాన నిలిచింది. వ్యాధి ముదిరిన వారిలో మతిమరుపు, భ్రమలు కలగవచ్చునని ఇప్పుడు అందరూ అంగీకరిస్తున్నారు.

అంతమాత్రాన వణికే ప్రతి చేయీ కంపవాతమని తలచరాదు. చేయి ఒడిలో ఊరక ఉన్నప్పుడు ఒక పక్కన మొదలయ్యే వణుకు, అవయవాలు బిగుసుకొనడం, అన్నిటికీ మించి పనులలో మాంద్యం ఈ వ్యాధికి ముఖ్య లక్షణాలు. గ్లాసు పట్టుకొన్నప్పుడు, సంతకం చేసేటప్పుడు రెండు చేతులూ వణికితే అది చాలావరకు వేరే వ్యాధి. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి. కొన్ని మందుల వలన కూడా కంపవాతాన్ని పోలిన స్థితి వస్తుంది. కళ్లు తిరగడానికి వాడే సిన్నరిజిన్, తలనొప్పికి వాడే ఫ్లూనరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్ ఇట్టివి. దుకాణంలో అడిగి తెచ్చుకొని నెలల తరబడి వాడే వృద్ధులలో ఈ అనర్థం ఎక్కువ. కావున వైద్యుని వద్దకు వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకొని రావాలి.

కొడకండ్లలో నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మగ్గం మీద కూర్చొనే వారిలో ఈ వ్యాధికి తొలి సూచన ఒక్కొక్కప్పుడు వణుకు కాదు. తెగిన పోగును అతకడంలో ఆలస్యం. చేతిరాత చిన్నదైపోవడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, చొక్కా గుండీలు పెట్టుకొనలేకపోవడం కూడా ఇట్టివే. వాసన తెలియకపోవడం, దీర్ఘకాలిక మలబద్ధకం, నిద్రలో కలలకు తగినట్టు కాళ్లు చేతులు విసరడం కొందరిలో వణుకు కంటే ఏళ్ల ముందే కనిపిస్తాయి. వాతానికి పక్వాశయం ముఖ్యస్థానమని చదువుకొన్న వారికి మలబద్ధకం ముందుగా రావడం ఆసక్తి కలిగిస్తుంది. అది ఆలోచింపదగిన పోలికే గాని నిరూపణ కాదు.

కృష్ణ పదార్థంలో జరిగేది

మెదడు అడుగున, నడిమి భాగంలో నల్లని చారవలె కనిపించే ప్రదేశం ఒకటున్నది. దానికి సబ్‌స్టాన్షియా నైగ్రా, అనగా కృష్ణ పదార్థం అని పేరు. అందులోని నాడీకణాలు డోపమైన్ అనే ద్రవ్యాన్ని తయారు చేసి, కదలికలను నియమించే కేంద్రాలకు పంపుతాయి. మనము తినే ఆహారంలోని టైరోసిన్ ముందుగా డోపాగా, పిదప డోపమైన్‌గా మారుతుంది. ఈ కణాలు క్రమంగా నశించగా డోపమైన్ తగ్గి, కదలిక మందగిస్తుంది. వ్యాధి లక్షణాలు పైకి కనబడే నాటికే ఆ కణాలలో గణనీయమైన భాగం నశించి ఉంటుంది.

ధాతుక్షయం వలన ఒకటి, మార్గావరోధం వలన రెండవది అని వాత ప్రకోపానికి మన శాస్త్రం రెండు ప్రధాన కారణాలు చెప్పింది. ఈ వ్యాధిలో కణాలు క్షయించడమూ ఉన్నది. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ కణాలలో ముద్దకట్టి పేరుకొనడమూ ఉన్నది. మన పూర్వులకు ఈ ప్రోటీన్ తెలుసునని చెప్పుకొనడం తగదు. కాని ఆలోచించే విధానం మనకు పరాయిది కాదు.

గ్రాహకానికి అనాథ అనే పేరెందుకు?

థైరాయిడ్ హార్మోను, స్టెరాయిడ్ హార్మోన్లు, డి విటమిన్ వంటివి కణంలో ప్రవేశించి, అక్కడ తమ కోసం నియమింపబడిన ప్రోటీన్లను కలుసుకొంటాయి. ఆ ప్రోటీన్లు కణ కేంద్రకంలోని జన్యువులపై కూర్చొని, ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరకుండాలో నిర్ణయిస్తాయి. వీటిని కేంద్రక గ్రాహకాలు అంటారు. మానవులలో ఇట్టివి 48 ఉన్నాయి. గ్రాహకం తాళమైతే హార్మోను తాళపుచెవి. కొన్ని తాళాలు దొరికినా వాటి చెవులు ఏవో తెలియలేదు. తన వారెవరో తెలియనందున అట్టి గ్రాహకాలకు శాస్త్రజ్ఞులు అనాథలని పేరు పెట్టారు.

1992లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు మెదడులో ఇట్టి అనాథ గ్రాహకాన్ని ఒకదానిని గుర్తించి నర్-1 అని పేరు పెట్టారు. దాని జన్యువును ఎన్ఆర్4ఎ2 అంటారు. అది ఎందుకు ఉన్నదో 1997లో తెలిసింది. స్టాక్‌హోమ్ పరిశోధకులు ఈ జన్యువు లేని ఎలుకలను పుట్టించి చూడగా, వాటి నడిమి మెదడులో డోపమైన్ కణాలు ఏర్పడనే లేదు. ఆ పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే మరణించాయి. డోపమైన్ కణం పుట్టుకకు నర్-1 అత్యవసరమని దీనితో రుజువైంది.

ఈ గ్రాహకం అజమాయిషీ చేసే జన్యువుల జాబితా చూస్తే దాని ప్రాముఖ్యం తెలుస్తుంది. టైరోసిన్‌ను డోపాగా మార్చే ఎంజైము, డోపాను డోపమైన్‌గా మార్చే ఎంజైము, తయారైన డోపమైన్‌ను చిన్న తిత్తులలో నింపే వాహకం, విడుదలైన డోపమైన్‌ను తిరిగి లోనికి తెచ్చే వాహకం, ఇవన్నీ దాని ఆజ్ఞకు లోబడినవే. అనగా ముడిసరుకు నుండి నిల్వ వరకు మొత్తం కార్ఖానా దాని పర్యవేక్షణలో నడుస్తున్నది.

పుట్టుకతోనే దాని పని ముగియదు. పెరిగిన ఎలుకలలో నర్-1ను తొలగించినా డోపమైన్ కణాలు క్రమంగా చెడిపోతాయని 2009లో వెల్లడైంది. మెదడులోని రక్షక కణాలు అతిగా రెచ్చిపోయి నాడీకణాలకు హాని చేయకుండా ఈ గ్రాహకం అదుపు చేస్తుందని అదే సంవత్సరం మరొక పరిశోధన తెలిపింది.

మానవుల విషయానికి వస్తే, వయసు పెరిగే కొద్దీ కృష్ణ పదార్థంలో నర్-1 తగ్గుతుందని 2002లో, పార్కిన్సన్ రోగులలో ఇంకా ఎక్కువగా తగ్గుతుందని 2006లో తేలింది. ముఖ్యంగా సైన్యూక్లిన్ ముద్దలు పేరుకొన్న కణాలలో ఈ లోపం అధికం. ఆ సైన్యూక్లిన్ ఎక్కువైనప్పుడు నర్-1 అణగిపోతుందని, దానితో కణం తనకు పోషణనిచ్చే ద్రవ్యాలను కూడా స్వీకరించలేదని 2012లో ఎలుకలలో గమనించారు. తెగులు మొదట తోటమాలిని పడగొట్టి, పిదప తోటను ఎండగట్టినట్లున్నది ఈ వ్యవహారం.

2003లో వంశపారంపర్యంగా ఈ వ్యాధి ఉన్న 107 మందిని పరీక్షించగా, 10 మందిలో ఈ జన్యువులో మార్పులు కనబడ్డాయి. తరువాత ఇతర జనసమూహాలలో చూడగా అట్టి మార్పులు అరుదని తెలిసింది. కావున ఇది అందరికీ వంశం నుండి వచ్చే దోషమని భయపడనక్కరలేదు. 2020లో మాత్రం ఒక విశేషం బయటపడింది. ఈ జన్యువు చెడిన కొందరిలో అవయవాలు మెలితిరగడం, కంపవాత లక్షణాలు వచ్చాయి. వారికి డోపా ఇవ్వగా గుణం కనిపించింది. కాపలాదారు లేకపోయినా, లోపించిన సరుకును బయటి నుండి ఇస్తే పని కొంత సాగుతుందన్న మాట. దూలగొండి ప్రయోజనం అర్థం కావడానికి ఈ ఒక్క అంశం చాలు.

సర్పగంధ, దూలగొండి

ఈ వ్యాధి రహస్యం తెలియడంలో మన దేశపు మొక్కలు రెండు ముఖ్యపాత్ర వహించాయి. మొదటిది సర్పగంధ. దాని వేరు నుండి 1952లో రిసర్పిన్ అనే సారాన్ని వేరు చేశారు. డోపమైన్‌ను తిత్తులలో నింపే వాహకాన్ని రిసర్పిన్ మూసివేస్తుంది. నర్-1 అజమాయిషీలో ఉన్నదని పైన చెప్పిన వాహకమే ఇది. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇవ్వగా అవి కదలిక లేక పడిపోయాయి. పిదప డోపా ఇవ్వగా లేచి తిరిగాయి. ఈ పరిశోధనలకు ఆయనకు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

రెండవది దూలగొండి. ఆత్మగుప్త, కపికచ్ఛువు, మర్కటి అని సంస్కృత నామాలు. చేల గట్ల మీద, పొదల మీద అల్లుకొని, కాయల నూగు తగిలితే భరింపరాని దురద పుట్టించే తీగ ఇది. కార్ల్‌సన్ కుందేళ్లను పరీక్షించడానికి ఇరవై సంవత్సరాల ముందే, 1937లో, మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఈ గింజల నుండి ఎల్-డోపాను వేరు చేశారు. దాని వైద్య ప్రయోజనం అప్పటికి ఎవరికీ తెలియదు. 1960లో వియన్నాలో, మరణించిన పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమైన్ లోపించిందని హోర్నికీవిజ్ కనుగొన్నాడు. 1967లో అమెరికాలో కోట్జియాస్ డోపాను నోటి ద్వారా క్రమంగా హెచ్చించి ఇచ్చి, కదలలేని వారిని నడిపించాడు.

ఒక మొక్క కదలికను బంధించింది. మరొక మొక్కలోని ద్రవ్యం విడిపించింది. ఇందులో రక్తపోటు రోగులకు ఒక హెచ్చరిక కూడా ఉన్నది. సర్పగంధను దీర్ఘకాలం స్వయంగా వాడితే కంపవాత లక్షణాలు, మనోవ్యాకులత కలగవచ్చును. ఈ వ్యాధి ఉన్నవారు దానిని తాకరాదు.

దూలగొండి లెక్క

దూలగొండి పనిచేస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం పనిచేస్తుందనే. 1995లో ప్రకటింపబడిన ఒక భారతీయ పరిశీలనలో 60 మంది రోగులకు 12 వారాలు దూలగొండి చూర్ణం ఇవ్వగా మంచి గుణం కనబడింది. 2000లో ప్రకటితమైన కేరళ పరిశీలనలో 18 మందికి దూలగొండి, అశ్వగంధ, బల, ఖురాసాని వాము కలిపిన ఔషధాన్ని ఆవుపాలతో ఇచ్చారు. ముందుగా శోధన చికిత్స పొందిన వారిలో గుణం అధికమైంది. ఆ ఔషధాన్ని విశ్లేషింపగా ఒక్కొక్క మోతాదులో సుమారు 200 మిల్లీగ్రాముల ఎల్-డోపా ఉన్నదని తేలింది. 2004లో లండన్‌లో 8 మందిపై జరిగిన పరీక్షలో 30 గ్రాముల దూలగొండి చూర్ణం సాధారణ మాత్ర కంటే త్వరగా, అనగా 69 నిమిషాలకు బదులు 35 నిమిషాలలో, పని ప్రారంభించింది. గుణం కూడా ఎక్కువసేపు నిలిచింది.

మరొక పక్షం కూడా చెప్పాలి. బొలీవియాలో 14 మందికి నెలల తరబడి దూలగొండి మాత్రమే ఇచ్చి చూసిన పరీక్షలో సగం మంది మధ్యలోనే మానుకొన్నారు. కొందరికి వాంతి, ఉదర బాధ కలిగాయి. కొందరికి కదలికలు క్షీణించాయి. 2018లో ఈ ఫలితం ప్రకటింపబడింది.

ఇంటి వైద్యం చేసుకొనేవారు ఈ లెక్కను శ్రద్ధగా చూడాలి. దూలగొండి గింజలో ఎల్-డోపా నూటికి సుమారు 4 నుండి 6 పాళ్లు ఉంటుంది. నేలను బట్టి, గింజను బట్టి మారుతుంది. ఉడికిస్తే కొంత తగ్గుతుంది. 3 గ్రాముల చూర్ణంలో 4 పాళ్ల చొప్పున 120 మిల్లీగ్రాములు ఉన్నదనుకొందాము. ఇందులో అధికభాగం మెదడును చేరకముందే దేహంలో డోపమైన్‌గా మారి, వాంతిని పుట్టిస్తుంది. ఈ నష్టాన్ని ఆపడానికే మాత్రలలో కార్బిడోపా అనే ద్రవ్యాన్ని చేర్చారు. దానివలన కావలసిన డోపా సుమారు నాలుగవ వంతుకు తగ్గుతుంది. అనగా కేవలం దూలగొండిలోని 120 మిల్లీగ్రాములు, కార్బిడోపాతో కూడిన మాత్రలోని సుమారు 30 మిల్లీగ్రాములకు సమానం. 100 మిల్లీగ్రాముల మాత్రను మూడు పూటలా వాడే రోగి దానిని మాని, చెంచాడు చూర్ణంతో సరిపెట్టుకొంటే బిగుసుకుపోవడంలో ఆశ్చర్యమేమున్నది? 1995 నాటి పరిశీలనలో కూడా రోజుకు సగటున ఏడున్నర గ్రాముల పొట్లాలు ఆరు వాడారు.

దీనికి విపరీతమైన ప్రమాదం మరొకటున్నది. మాత్ర మానకుండా, వైద్యునికి చెప్పకుండా దానిపై దూలగొండి చేర్చుకొన్నారనుకొందాము. మాత్రలోని కార్బిడోపా గింజలోని డోపాను కూడా కాపాడుతుంది. అప్పుడు 120 మిల్లీగ్రాములు 120గానే పనిచేస్తాయి. కాళ్లు చేతులు తమంతట తాము మెలితిరగడం, లేనివి కనిపించడం, లేవగానే రక్తపోటు పడిపోవడం ఇట్టివారిలో కలుగుతాయి. ఒకే గింజ ఒకరికి చాలక, మరొకరికి మించిపోవడానికి కారణం ఇదే.

నూలు వేరు, మగ్గం వేరు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. దూలగొండి సమూలంగా నయం చేస్తుందా? దూలగొండి గాని, లెవోడోపా మాత్ర గాని చేసే పని లోపించిన ద్రవ్యాన్ని సమకూర్చడం. నేతగానికి నూలు ఇస్తే బట్ట నేయగలడు. నూలు ఇచ్చినంత మాత్రాన విరిగిన మగ్గం బాగుపడదు. మగ్గాన్ని బాగుగా ఉంచే పని నర్-1 వంటి కాపలాదారులది. నశించే కణాలను నిలబెట్టే మందు దొరికిన నాడే సమూల చికిత్స అన్న మాటకు అర్థం ఉంటుంది.

ఆ దిశలో ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2003లో నర్-1 నిర్మాణాన్ని చూసిన శాస్త్రజ్ఞులు నిరాశ చెందారు. తాళపుచెవి దూరవలసిన సందు అంతా పూడిపోయి ఉన్నది. 2015లో అమెరికా, కొరియా పరిశోధకులు మరొక సంగతి కనిపెట్టారు. మలేరియాకు వాడిన అమోడియాక్విన్, క్లోరోక్విన్ అనే మందులు ఈ గ్రాహకాన్ని అంటిపెట్టుకొని మేల్కొల్పుతున్నాయి. వ్యాధి కల్పించిన ఎలుకలలో కదలికలు మెరుగుపడ్డాయి. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. ఆ వ్యాధికి పుట్టిన మందులు కంపవాత పరిశోధనకు దారి చూపుతాయని ఎవరు ఊహించగలరు?

డోపమైన్ నుండే జనించే ఒక ద్రవ్యం నర్-1ను అంటుకొంటుందని 2019లో, దేహంలోని ప్రొస్టాగ్లాండిన్లలో కొన్ని అట్లే చేస్తాయని 2020లో తెలిసింది. అనాథకు బంధువులు ఒక్కొక్కరే బయటపడుతున్నారన్న మాట. ఇంకా మెరుగైన ద్రవ్యం ఎలుకలలో మంచి ఫలితమిచ్చినట్లు 2023లో ప్రకటింపబడింది. అయితే ఎలుకలలో ఫలించినవి మానవులలో విఫలమైన సందర్భాలు ఈ వ్యాధి చరిత్రలో అనేకం. ఈ వార్త విని ఎవరూ క్లోరోక్విన్ మాత్రలు కొనరాదు. దీర్ఘకాలం వాడితే అది కంటిపొరను, హృదయాన్ని దెబ్బతీయగలదు.

గృహంలో చేయదగినవి

వ్యాయామం మొదటిది. నెదర్లాండ్స్‌లో సుమారు 130 మంది రోగులపై జరిగి 2019లో ప్రకటింపబడిన పరీక్షలో, ఇంటివద్దనే ఆరు మాసాలు నిలకడ సైకిలు తొక్కిన వారికి కదలికలు తక్కువగా క్షీణించాయి. సైకిలు లేనివారు ఉదయం, సాయంత్రం తోడుతో వేగంగా నడవాలి. నడుస్తూ పాదాలు నేలకు అతుక్కొన్నట్లు నిలిచిపోతే లాగరాదు, తోయరాదు. "ఒకటి, రెండు" అని లయగా లెక్క చెప్పాలి. లేదా నేలపై అడుగుకొక సున్నపు గీత గీసి దానిని దాటమనాలి.

బిగువు తగ్గడానికి గోరువెచ్చని నువ్వులనూనెతో గాని, క్షీరబలా తైలంతో గాని అభ్యంగనం చేసి, వేడినీటి స్నానం చేయించవచ్చును. మలబద్ధకాన్ని ఉపేక్షించరాదు, అది ఉంటే మాత్ర కూడా సరిగా పనిచేయదు. తగినంత నీరు, ఆకుకూరలు, పండ్లు, జొన్న, రాగి వంటి ధాన్యాలు ఇవ్వాలి. భోజనం కూర్చోబెట్టి చిన్న ముద్దలుగా పెట్టాలి. పడుకొన్నవారి నోట నీరు పోయరాదు.

మాత్ర వేసుకొనే వేళ ముఖ్యం. పాలు, పప్పు, గుడ్డు, మాంసాలలోని మాంసకృత్తులు డోపాతో పోటీపడి దానిని లోనికి పోనీయవు. కావున మాత్రను భోజనానికి అరగంట ముందు గాని, గంట తరువాత గాని వేసుకోవాలి. పప్పు మొత్తంగా మానరాదు. మానితే దేహం క్షీణిస్తుంది. వైద్యుని సలహాతో అధికభాగాన్ని రాత్రి భోజనానికి మార్చుకోవచ్చును. ఇనుము మాత్రలకు, డోపా మాత్రలకు మధ్య రెండు గంటల వ్యవధి ఉండాలి.

పొలం పనులు చేసేవారికి ఒక మాట. పారాక్వాట్, రొటెనోన్ అనే విషద్రవ్యాలను వాడిన వారిలో ఈ వ్యాధి సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా ఉన్నదని 2011లో అమెరికా పరిశీలన తెలిపింది. పిచికారీ చేసేటప్పుడు ముక్కుకు, చేతులకు రక్షణ లేకుండా చేలోకి దిగరాదు. పని ముగియగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి.

పాటించవలసిన నియమాలు

1. లెవోడోపా మాత్రలను ఎన్నడూ హఠాత్తుగా మానరాదు. మానితే దేహం బిగుసుకుపోయి, తీవ్రజ్వరం, స్పృహ తప్పడం కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చును.

2. దూలగొండిని ఔషధంగా వాడదలచినవారు నాడీవ్యాధి నిపుణునికి, ఆయుర్వేద వైద్యునికి ఇద్దరికీ తెలిపి, మాత్ర మోతాదును సరిచూసుకొని వాడాలి.

3. గింజలను శోధింపక వాడరాదు. ఆవుపాలలో ఉడికించి, పైతోలు తీసి, కడిగి ఎండబెట్టడం శాస్త్రవిధి. కాయలపై నూగు కంటికి, గొంతుకు సోకితే ప్రమాదం.

4. గర్భిణులు, మానసిక వ్యాధి ఉన్నవారు, కొన్ని రకాల నీటికాసుల వ్యాధి ఉన్నవారు దూలగొండి జోలికి పోరాదు.

5. మాత్ర ప్రభావం తదుపరి మాత్ర వేళకు ముందే తగ్గిపోతుంటే మోతాదు మీరే పెంచుకొనక వైద్యునికి చెప్పాలి. ఇట్టివారికి తోడుగా ఇచ్చే మందులున్నాయి. వాటిలో సఫినమైడ్‌ను భారత్, రొమేనియా, ఇటలీలలో 669 మందిపై పరీక్షించి 2014లో ప్రకటించిన బృందానికి అప్పటి హైదరాబాదు నిమ్స్ నాడీవైద్యుడు రూపం బొర్గొహెయిన్ ముఖ్యుడు.

6. సమూలంగా నయం చేస్తామని హామీ ఇచ్చి, పొట్లంలో ఏమున్నదో చెప్పని వారి మందు కొనరాదు.

సాధ్యం, యాప్యం, అసాధ్యం అని మన శాస్త్రం వ్యాధులను విభజించింది. యాప్యమనగా ఔషధం, పథ్యం సాగినంత కాలం అదుపులో ఉండి, అవి మానగానే తిరగబెట్టేది. నేటికి కంపవాతం యాప్యమే. యాప్యమన్నంత మాత్రాన నిరాశ పడనక్కరలేదు. పడిపోతున్న ఇంటికి స్తంభం ఊత వంటిది ఔషధం. వేళకు మాత్ర, నిత్యం నడక, మలశుద్ధి, పడిపోకుండా జాగ్రత్త, ఇంటివారి ఓర్పు కలిస్తే రోగి ఎన్నో ఏళ్లు తన పనులు తాను చేసుకొనగలడు. దూలగొండికి అందులో ఒక స్థానం ఉన్నది. ఆ స్థానం మాత్రను తోసివేసి ఆక్రమించేది మాత్రం కాదు.